మెట్ల మధ్య దూరం

సంగీతాన్ని గురించి మనలో చాలామంది రాశారు. పాడేవాణ్ణి గురించి రాశారు, వినేవాణ్ణి గురించి రాశారు, పాట ఏ వర్గం నోట పుట్టి ఏ వర్గం సభలో స్థిరపడిందో కూడా రాశారు. వాద్యం చేసినవాణ్ణి గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ. వీణ అనగానే సరస్వతి గుర్తుకొస్తుంది, వైణికుడు గుర్తుకొస్తాడు. పనసదుంగను బాడిసతో తొలిచినవాడు గుర్తుకురాడు. ఇది ఒట్టి మతిమరుపు కాదు. శ్రమను వస్తువు వెనక దాచెయ్యటం మన సమాజానికున్న పాత అలవాటు. కళను గురించిన చర్చ ఆ అలవాటుకు అతీతంగా ఏనాడూ లేదు.

నేను వైణికుణ్ణి కాను, సంగీత విమర్శకుణ్ణీ కాను. గిటార్ మెడమీద అంటించే మెట్ల పలకను, అంటే ఫ్రెట్‌బోర్డును, కంప్యూటర్ యంత్రం చేత కోయించటానికి ప్రోగ్రాములు రాయటం కొన్నేళ్లపాటు నా జీవనాధారం. ఈ యంత్రాన్ని సి.ఎన్.సి. అంటారు. కత్తి ఎక్కడికి పోవాలో, ఎంత వేగంతో పోవాలో, ఎంత లోతు దిగాలో అంకెల్లో రాసిస్తే ఆ ప్రకారం నడుస్తుంది. కత్తి నడిచే ఆ దారికి టూల్‌పాత్ అని పేరు. ఆ దారిని నిజంగా వేస్తున్నది ఎవరు, వేసినదాని మీద హక్కు ఎవరికి మిగులుతున్నది అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలటం లేదు. మన పత్రిక చదివే విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఆ ప్రశ్నను తమది కూడా అనుకోవాలని ఈ వ్యాసం.

మాది ఉద్దానం. పలాసకు తూర్పుగా, వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు ఇసకనేల మీద కొబ్బరీ జీడీ పనసా పెరిగే చోటు. ఉద్యానవనం అన్న మాటే అరిగి ఉద్దానం అయిందంటారు. పేరులో తోట ఉన్నది గాని, తోటను నమ్ముకుని అందరూ బతికే రోజులు పోయి చాలాకాలమైంది. చదువు ముగిసిన కుర్రాడు పలాస స్టేషన్లో రైలెక్కటం మా దగ్గర ఏటేటా జరిగే జీడి కోతంత మామూలు విషయం. నేనూ టెక్కలిలో చదువుకుని, ఆ రైలే ఎక్కి, బెంగుళూరు శివార్లలో ఒక చిన్న వాద్యాల కార్ఖానాలో చేరాను. యజమానితో కలిపి పధ్నాలుగు మందిమి. ఒక సి.ఎన్.సి. రూటర్, రెండు రంపపు బల్లలు, మిగతాదంతా చేతిపని.

ముందు లెక్క చెప్పాలి. లెక్క చెప్పకుండా యంత్రాన్ని గురించి మాట్లాడితే అది తిట్టుగానో స్తోత్రంగానో తేలుతుంది.

తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఈ సగం దూరంలో పన్నెండు మెట్లు పెట్టాలి. మెట్టు మెట్టుకూ స్వరం ఒకే నిష్పత్తిలో పెరగాలి. ఆ నిష్పత్తి రెండుకు పన్నెండో మూలం, సుమారు 1.0595. తీగ పొడుగు 648 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు పై కొసనుంచి 36.37 దగ్గర పడుతుంది. రెండోది 70.70 దగ్గర, అయిదోది 162.55 దగ్గర, ఏడోది 215.51 దగ్గర, పన్నెండోది సరిగ్గా 324 దగ్గర. కిందికి పోయినకొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గుతూ పోతుంది.

ఈ అంకెలకు చరిత్ర ఉన్నది. పన్నెండో మూలాన్ని 1584లో చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు జు జాయ్‌యూ లెక్కగట్టాడు. దానికి మూడేళ్ల ముందు, 1581లో, ఇటలీలో విన్సెంజో గెలీలీ అనే సంగీతజ్ఞుడు, ఖగోళ శాస్త్రవేత్త గెలీలియోకు తండ్రి, ల్యూట్ వాద్యానికి ఒక తేలిక సూత్రం చెప్పాడు. తీగలో పద్ధెనిమిదో వంతు కొలిచి మొదటి మెట్టు పెట్టు. మిగిలినదాంట్లో మళ్లీ పద్ధెనిమిదో వంతు కొలిచి రెండోది పెట్టు. అట్లా పోతూ ఉండు. ఈ పద్ధతిలో మన 648 తీగమీద పన్నెండో మెట్టు 324 దగ్గర కాక 321.6 దగ్గర పడుతుంది. కాగితం మీద ఇది తప్పు. కాని చెక్క మీద ఈ తప్పు కొంత ఒప్పే అయింది. ఎందుకంటే తీగను మెట్టుకు ఆనించి నొక్కినప్పుడు బిగువు పెరిగి స్వరం కాస్త పైకి పోతుంది. పద్ధెనిమిదో వంతు సూత్రం దాన్ని కాస్త కిందికి లాగుతుంది. పనివాడికి అందుబాటులో ఉన్న సులువైన అంకె, పదార్థపు స్వభావం, ఈ రెండూ కలిసి కూర్చిన రాజీ అది. వాద్యాల తయారీలో శాస్త్రమూ అనుభవమూ విడివిడిగా పుట్టలేదనటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక కత్తి దారి. మెట్ల పలక పైభాగం చదునుగా ఉండదు. వేలికి అనువుగా కొద్దిగా గుండ్రంగా ఉంటుంది. మేము చేసిన పలకల వంపు 305 మిల్లీమీటర్ల వ్యాసార్ధం. పలక వెడల్పు 56 ఉన్నచోట అంచు నడిమికంటె సుమారు 1.3 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. లోహపు మెట్టు కూచునే గాడి లోతు రెండు మిల్లీమీటర్ల పైచిల్లర. గాడి అడుగును చదునుగా కోస్తే అంచుల్లో లోతు సరిపోయేసరికి నడుమ మూడున్నర దాకా పోతుంది, పలక బలహీనపడుతుంది. కాబట్టి గాడి అడుగు కూడా పై వంపునే అనుసరించాలి. ప్రోగ్రాములో జి1 అంటే తిన్నగా కోయటం. జి2, జి3 అంటే గుండ్రంగా కోయటం. మామూలుగా ఈ గుండ్రం బల్లకు సమాంతరంగా తిరుగుతుంది. దాన్ని నిలువు తలంలోకి తిప్పటానికి ఒక ప్రత్యేకమైన ఆజ్ఞ రాయాలి. అప్పుడు కత్తి పలక అడ్డంగా పోతూనే కొండెక్కి దిగినట్టు లేచి దిగుతుంది.

గాడి వెడల్పు అర మిల్లీమీటరుకు కాస్త పైన. అందులో పట్టే కత్తి గుండుసూది లావుంటుంది, నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుంది. ఒక్కసారిగా లోతు దించితే పుటుక్కున విరుగుతుంది. పావు మిల్లీమీటరు చొప్పున తొమ్మిది సార్లు పోవాలి. ఇరవై రెండు గాళ్లు, సగటున 50 మిల్లీమీటర్ల పొడుగు, తొమ్మిది సార్లు: వెరసి పది మీటర్ల దారి. నిమిషానికి 600 మిల్లీమీటర్ల వేగంతో పదహారు పదిహేడు నిమిషాలు పడుతుంది. చెయ్యి తిరిగిన పనివాడు అచ్చు బద్ద పెట్టుకుని సన్నరంపంతో అవే గాళ్లు ముప్పావుగంటలో కోస్తాడు.

ఆ చెయ్యి తిరిగిన పనివాడు మా కార్ఖానాలో ఉండేవాడు. పార్వతీపురం వైపు మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. అందరూ మేస్త్రీ అనేవారు. మా ఇద్దరిదీ ఒకే వైపు యాస కావటంచేత నాతో చనువుగా ఉండేవాడు. నేను మొదటి ప్రోగ్రాము సిద్ధం చేస్తున్నప్పుడు వెనక నిలబడి కంప్యూటర్ తెర మీద గీతలు చూసి అడిగాడు.

"బావూ, ముందు అంచు కోసీసి ఆనక గాడి కొడతావేటి?"

"అవును మేస్త్రీ. అంచు తేలితే కొలతలు తేలిక గదా?"

"కొలత తేలికే. సెక్కకి కాదు. కత్తి బయటికొచ్చే కాడ కొస సిట్లిపోతాది. ముందు గాడి కొట్టు, అంచు ఆనక తియ్యి. సిట్లిందేదో పారేసే ముక్కలోనే సిట్లిపోద్ది."

మరో మాట కూడా చెప్పాడు. వ్యాపారులు రోజ్‌వుడ్ అని పిలిచే ఇరుగుడు చేవను ఒక పక్క చిత్రిక పడితే లోపల బిగువు సడలి రెండో పక్కకు వంగుతుంది. "మోటుగా సెక్కి రాత్రంతా ఒగ్గీ. పొద్దున్న అదెలాగుంటాదో సూసి, అప్పుడు నున్న పని సెయ్యి." ఈ రెండు మాటలూ ప్రోగ్రాములోకి ఎక్కాయి. మొదటిది కోతల వరసగా ఎక్కింది. రెండోది ప్రోగ్రామును రెండు ముక్కలుగా చీల్చి మధ్యలో ఒక రాత్రి విరామం పెట్టింది. ఏ పాఠ్యపుస్తకంలోంచో వచ్చిన కొలతలతో పాటు, నలభై ఏళ్ల చేతి అనుభవం కూడా ఆ ఫైలులో ఒక భాగమైంది. ఫైలు తెరిచి చూసినవాడికి ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. అన్నీ అంకెలే.

ఇక్కడొక ప్రశ్న వెయ్యాలి. యంత్రాన్ని ఎందుకు కొన్నట్టు? నిర్దుష్టత కోసం అని అందరూ అంటారు. మాకు వచ్చే కొనుగోలుదారులతో యజమాని కూడా అదే చెప్పేవాడు: మా పలకలు మిల్లీమీటరులో నూరోవంతుకు సరిపోతాయి అని. ఈ మాటను లెక్కకు పెడదాం. పన్నెండో మెట్టు దగ్గర మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చిందనుకోండి. ఒక మెట్టుకూ తరవాతి మెట్టుకూ ఉన్న స్వరభేదాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. ఆ పదోవంతు తేడా వల్ల స్వరంలో కలిగే మార్పు అర సెంటు. అయిదు సెంట్లకు లోపలి తేడాను మామూలుగా మనిషి చెవి పట్టదు. వేలు కాస్త గట్టిగా నొక్కితేనే అంతకన్న ఎక్కువ మార్పు వస్తుంది. మేస్త్రీ కోసిన పలకలను నేను కొలిచి చూశాను. తేడా పదోవంతుకూ అయిదోవంతుకూ మధ్య ఉన్నది. అంటే ఒక సెంటుకు మించదు. చెవికి సంబంధించినంతవరకు మేస్త్రీ రంపమూ మా యంత్రమూ సమానమే.

అయితే వేగం కోసమా? అదీ పూర్తిగా నిజం కాదు. పెద్ద గిటార్ కార్ఖానాలలో అంకెల యంత్రం రాకముందే ఒకే ఇరుసు మీద మెట్ల దూరాల ప్రకారం బిగించిన గుండ్రటి రంపాలతో గాళ్లన్నీ ఒక్క తోపులో కోసేవాళ్లు. అది మా యంత్రంకన్న ఎన్నో రెట్లు వేగం. మరి ఈ యంత్రం ఇచ్చేదేమిటి? రకరకాల పలకలను ఒకే బల్లమీద చేసుకునే వెసులుబాటు ఒకటి. అది నిజమైన లాభమే, కాదనను. రెండోది, పన్నెండో మెట్టు ఎక్కడ పడుతుందో, చెక్క ఎప్పుడు చిట్లుతుందో తెలియనివాడు కూడా యంత్రం ముందు నిలబడి మీట నొక్కగలగటం. తెలిసినవాడికి ఇవ్వవలసిన కూలి తెలియనివాడికి ఇవ్వనక్కరలేదు. రసీదు మీద నిర్దుష్టత అని రాసి యజమాని కొన్నది ఈ రెండోదాన్ని.

ఇది ఒక చిన్న కార్ఖానా యజమాని దుర్బుద్ధి అనుకుంటే పొరపాటు. ఈ యంత్రం పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే తయారీదారు హెలికాప్టర్ రెక్కల వంపులను అంకెలతో కోయించే ఆలోచన చేశాడు. 1949లో అమెరికన్ వైమానిక దళం ఆ పనికి డబ్బిచ్చింది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని ప్రయోగశాల, చిల్లుల టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. అదే కాలంలో ఇంకొక పద్ధతి కూడా ఉండేది. నిపుణుడైన పనివాడు ఒకసారి యంత్రం మీద స్వయంగా పనిచేస్తే, అతని కదలికలను టేపు మీద పట్టి, యంత్రం చేత మళ్లీ మళ్లీ చేయించటం. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వెలువరించిన తన గ్రంథంలో ఈ రెండు దారులనూ పరిశీలించాడు. రెండోదారి నిలవకపోవటానికి సాంకేతిక కారణాలొక్కటే చాలవనీ, పని మీద అదుపును యంత్రశాలనుంచి ఆఫీసుకు మార్చాలన్న యాజమాన్యాల కోరిక అందులో పనిచేసిందనీ అతని వాదం. కదలికలను పట్టే పద్ధతిలో పనివాడు లేకుండా టేపు తయారుకాదు. అంకెల పద్ధతిలో ఆ పనివాడి మొహం చూడకుండానే టేపు తయారుచెయ్యవచ్చు.

సాహిత్యం ఈ సంగతిని చాలా ముందే పట్టుకున్నది. నోబుల్ కంటె మూడు దశాబ్దాల ముందు, 1952లోనే, కర్ట్ వానెగట్ అనే అమెరికన్ రచయిత తన మొదటి నవల "ప్లేయర్ పియానో"లో ఒక లేతు పనివాణ్ణి చిత్రించాడు. ఇంజనీర్లు వచ్చి అతని చేతి కదలికలను టేపు మీద పట్టుకుని పోతారు; తనను ఎంచుకున్నందుకు అతడు గర్వపడతాడు. ఆ తరవాత అతని అవసరం ఉండదు. వానెగట్ అప్పటికి ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో ఉద్యోగం చేసి, అటువంటి యంత్రాన్ని కళ్లారా చూసినవాడు. ఈ నవలను భవిష్యత్తును గురించిన ఊహగా చదివేవాళ్లున్నారు. మేస్త్రీ నా వెనక నిలబడి కొస చిట్లుతుందని చెప్పినప్పుడు అతని మొహంలో ఉన్న సంతోషాన్ని చూసినవాణ్ణి గనక, నేను దాన్ని అట్లా చదవలేను.

ఈ చర్చ మన నేలకు వస్తే ఎట్లా ఉంటుందో చూద్దాం. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా బొబ్బిలి మన శ్రీకాకుళం జిల్లాలోదే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఒకే పనసదుంగలో కుండా దండీ తొలిచే ఏకాండి వీణకు అది పేరుపడ్డ చోటు. కార్ఖానా నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నేనొకసారి అక్కడికి వెళ్లి మెట్లు కట్టటం చూశాను. బొగ్గుపొడి కలిపిన మైనాన్ని దండి మీద రెండు వరసలుగా గట్లు పోసి, వాటి మీద ఇరవై నాలుగు లోహపు మెట్లు నిలబెడతారు. కొలబద్ద పెట్టరని కాదు, ఉజ్జాయింపుకు పెడతారు. ఆఖరి మాట మాత్రం చెవిది. తీగ మీటుతూ, మెట్టును వెంట్రుకవాసి ఇటూ అటూ జరుపుతూ, స్వరం కుదిరిందనిపించినప్పుడు మైనంలో నొక్కేస్తారు.

దీన్ని చూసి మన పండితులు కొందరు పరవశించి, ఇది లెక్కకు అందని దివ్యజ్ఞానం అంటారు. ఈ పొగడ్త పనివాడికి మేలు చెయ్యదు, కీడే చేస్తుంది. దివ్యమైనదానికి కూలి కట్టనక్కరలేదు గదా! అక్కడ జరిగేది దివ్యమూ కాదు, రహస్యమూ కాదు. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగ వాటికంటె ఎత్తున ఉంటుంది. నొక్కినప్పుడు బిగువు ఎంత పెరుగుతుందన్నది తీగ లావునుబట్టి, ఎత్తునుబట్టి, ఆ వీణనుబట్టి మారుతుంది. పన్నెండో మూలం చెప్పే దూరానికి ఈ సవరణలన్నీ కలపాలి. పనివాడి చెవి ఆ కూడికనే చేస్తున్నది. అతడు లెక్క తెలియనివాడు కాదు. తన లెక్కను అంకెల్లో రాయనివాడు.

ఈ దృష్టితో చూస్తే వాద్యాల చరిత్రలో ఒక క్రమం కనిపిస్తుంది. మన ఉత్తరాంధ్ర జముకును తీసుకోండి. 1960లలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ ఉద్దానం పల్లెల్లో జముకుల కథకు కొత్త ప్రాణం పోశాడు. ఆ జముకుకు మెట్లే లేవు. తీగను చేత్తో ఎంత బిగలాగితే స్వరం అంత లేస్తుంది. జ్ఞానమంతా వాయించేవాడి చేతిలోనే ఉంటుంది. వీణకు వచ్చేసరికి అందులో కొంత భాగం మెట్లు కట్టినవాడి చెవి ద్వారా వాద్యంలో నిలిచింది. గిటార్‌కు వచ్చేసరికి అది సూత్రంగా మారి, ఎవరైనా నేర్చుకోగల విద్య అయింది. ఇంతవరకు జరిగిందంతా అభివృద్ధే. జ్ఞానం ఒకరి చేతినుంచి అందరి చేతుల్లోకి రావటాన్ని మనం ఆహ్వానించాలి. కాని ఆ తరవాతి అడుగులో, అంటే ఫైలులోకి ఎక్కినప్పుడు, అది అందరిదీ కావటం లేదు, మళ్లీ ఒకరిదవుతున్నది. ఈసారి ఆ ఒకరు పనివాడు కాదు.

పలాస జీడిపప్పు పరిశ్రమలో కూడా ఇదే కథ మరో రూపంలో నడిచింది. మా అమ్మ అక్కడ పిక్కలు కొట్టింది, తొక్క తీసింది, పప్పు ఏరింది. పిక్క పెంకులోని నూనె చేతులను కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కొట్టేవాళ్లు. ఏరివేతలో 180, 210, 240, 320 అని రకాలుంటాయి. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె. అమ్మకు అక్షరాలు రావు. పప్పును బొటనవేలితో తాకి 240కీ 320కీ తేడా చెప్పేది. ఇప్పుడు పిక్క కోసే యంత్రాలు వచ్చాయి, తొక్క తీసేవి వచ్చాయి, రంగు చూసి ఏరేవి వచ్చాయి. మొన్న నేను అడిగితే అమ్మ ఒక్క మాటలో తేల్చింది: "సేతికి నూనంటనేదు నాయినా. పనీ అందనేదు."

ఆ మాటలోని రెండు సగాలనూ కలిపే చదవాలి. చేతులు కాలటం పోయినందుకు సంతోషించనివాడు అభ్యుదయవాది కాడు. అందుకు బదులుగా పనే పోయినందుకు కోపం రానివాడూ కాడు. కాళీపట్నం రామారావు "యజ్ఞం" కథ ఈ జిల్లా జీవితంలోంచే పుట్టింది. అందులో సుందరపాలెం బాగుపడుతుంది. రోడ్డు వస్తుంది, బడి వస్తుంది. అదే కాలంలో అప్పల్రాముడి అప్పు పెరుగుతుంది. ఊరి అభివృద్ధిని రామారావు కాదనలేదు. అది ఎవరి ఖాతాలో జమ అయిందో, ఎవరి ఖాతాలో ఖర్చయిందో అడిగాడు. యంత్రాన్ని గురించి మనం అడగవలసిందీ అదే.

మేస్త్రీ సంగతి చెప్పాలి. ప్రోగ్రాము కుదిరిన మూడు నెలలకు అతన్ని గాళ్ల పనినుంచి తీసి, ఉప్పుకాగితంతో పలకలు రుద్దే పనిలో పెట్టారు. కూలి నెలవారీనుంచి రోజువారీకి మారింది. ఆ సంక్రాంతికి ఊరికి పోయినవాడు తిరిగి రాలేదు; తలుపులూ కిటికీలూ చేసుకుంటున్నాడని విన్నాను. ప్రోగ్రాములో బ్రాకెట్ల మధ్య రాసిన మాటలను యంత్రం చదవదు. అవి మనిషి కోసం రాసుకునే గుర్తులు. నేను కోతల వరస దగ్గర బ్రాకెట్లలో మేస్త్రీ పేరూ ఊరూ రాశాను. ఫైలు శుభ్రంగా ఉండాలని కార్ఖానాలో వాటిని తీసేయించారు. తీసేసినా పలక అట్లాగే వచ్చింది, ఒక్క కొస చిట్లలేదు.

ప్రోగ్రాము రాసేవాడు యజమాని పక్షం మనిషి అని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఇంకొక మాట చెప్పాలి. రెండేళ్ల తరవాత నేనూ బయటికి వచ్చాను. ఫైలు అక్కడే ఉంది. ఇప్పుడు కొలతలిస్తే దారిని తానే గీసే సాఫ్ట్‌వేర్లున్నాయి. నావంటివాడి అవసరం కూడా తగ్గుతున్నది. మేస్త్రీ చెయ్యి ఏ దారిన ఫైలులోకి పోయిందో, నా లెక్కా అదే దారిన పోయింది. మేధాశ్రమ, శరీరశ్రమ అని మనం గీసుకునే గీత జీతాల పుస్తకంలో కొద్దిరోజులే నిలుస్తుంది.

అయితే యంత్రాన్ని పగలగొట్టమని నేననటం లేదు. యంత్రానికీ, పెట్టుబడి యంత్రాన్ని వాడే పద్ధతికీ తేడా తెలుసుకోవటానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టాయని మార్క్స్ 1867లోనే "పెట్టుబడి" మొదటి సంపుటంలో రాశాడు. మనకూ ఆ తేడా తెలియాలి. అంకెల యంత్రం ఇట్లాగే ఉండి తీరాలన్న ప్రకృతి నియమమేదీ లేదు. బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికులు 1976లో, తమను తొలగించే బదులు సమాజానికి ఉపయోగపడే ఏయే వస్తువులను తాము తయారుచెయ్యగలరో చూపుతూ తమ ప్రణాళికను తామే ప్రకటించారు. వాళ్లలో ఒకడైన మైక్ కూలీ, పనివాడి నైపుణ్యాన్ని తొలగించక దాని మీద ఆధారపడే యంత్రాలను తయారుచెయ్యవచ్చునని వాదించాడు. యంత్రం ముందు నిలబడ్డవాడే ప్రోగ్రాము రాసే పద్ధతి అటువంటిది. యాజమాన్యం ఆ ప్రణాళికను తోసిపుచ్చింది. తోసిపుచ్చినంత మాత్రాన అది అసాధ్యమని రుజువు కాలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ పనసా లెక్కలేనన్ని కూలాయి. మా పెరట్లో తాతనాటి పనస పడిపోయింది. దాని చేవ పసుపుపచ్చగా, వీణకు సరిపోయేంత లావున ఉన్నది. కట్టెలుగా తూచి కొనుక్కుపోయారు. గొల్లపల్లి పనివాళ్లకు పనసదుంగ కావాలి. ఉద్దానంలో పనస పడి ఉంది. టెక్కలిలో యంత్రవిద్య చదివిన కుర్రాళ్లున్నారు. ఈ మూడింటినీ కలిపే సంస్థ ఏదీ ఆనాడు ముందుకు రాలేదు. దుంగ లోపలి మోటుతొలుపు యంత్రం చేసి, మెట్లు పనివాడి చెవి కట్టి, రెండింటి లెక్కా ఒక సహకార సంఘం పుస్తకంలో రాసుకుంటే ఎవరికి నష్టం? సాంకేతికంగా ఇందులో అసాధ్యమేదీ లేదని ఆ పని చేసినవాడిగా చెప్పగలను.

ఇప్పుడు నేను టెక్కలిలో కుర్రాళ్లకు ఈ పనే నేర్పుతున్నాను. యంత్రం ముట్టుకోకముందు ప్రతివాడి చేతా ఒక పలక మీద రంపంతో అయిదు గాళ్లు కోయిస్తాను. కొలిచి, తేడా ఎన్ని సెంట్లో లెక్కగట్టిస్తాను. ఎవరి దగ్గర ఏ కిటుకు నేర్చుకున్నారో ప్రోగ్రాము మొదట్లో బ్రాకెట్లలో రాయిస్తాను. ఇది చిన్న పని. ఇంతటితో కూలిరేట్లు మారవని నాకు తెలుసు. మారాలంటే పనివాడి పద్ధతి ఫైలులోకి ఎక్కిన రోజున అది ఒప్పంద పత్రంలోకి కూడా ఎక్కాలి. ఆ ఫైలు నడిచినంతకాలం అతనికి వాటా రావాలి. ఆ పద్ధతి చెప్పినందుకు అతని పని పోకూడదు. యూనియన్లు కూలి గంటలను గురించి అడుగుతున్నాయి, అడగాలి. ఫైలులోకి పోయిన నైపుణ్యాన్ని గురించి కూడా అడగటం మొదలుపెట్టాలి. ఆ కోర్కెను ఎట్లా రాయాలో, ఏ కొలతతో లెక్కగట్టాలో తేల్చటం మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ చెయ్యదగిన పని. ఆ లెక్క పన్నెండో మూలంకంటె కష్టమైనదేమీ కాదు.